పదిహేడు ముడులు

"నాన్నా, దీంట్లో ఆల్రెడీ ఎవరో ముడులు వేసేశారు. సెవెంటీన్ ఉన్నాయి."

మా అమ్మాయి చేతిలో మూరెడు తెల్లటి ఉన్ని దారం. డైనింగ్ టేబుల్ నిండా రంగురంగుల ఊలు ఉండలు. ఏడో క్లాసు సోషల్ ప్రాజెక్టు. పూర్వం పెరూలో ఇన్కా వాళ్ళకి రాత లేదట, తాళ్ళకి ముడులు వేసి లెక్కలు దాచుకునేవాళ్ళట, దాన్ని కీపు అంటారట, ప్రతి పిల్లా తన ఇంటి లెక్క ఏదో ఒకటి కీపు కట్టి తేవాలట. తెల్ల ఊలు అయిపోయిందని నా సొరుగు గాలించింది. గ్రీన్ కార్డు కాగితాల ఫైల్లో, ప్లాస్టిక్ కవర్లో, చుట్ట చుట్టి పెట్టిన ఆ దారం దొరికింది.

"అది ముట్టుకోకు. అక్కడ పెట్టు," అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఎందుకు? ఏంటది?"

"ఏం లేదు. పాత దారం."

పాత దారాన్ని గ్రీన్ కార్డు ఫైల్లో ఎవడు దాచుకుంటాడబ్బా! పన్నెండేళ్ళ పిల్లకి ఆమాత్రం తెలీదా? నా మొహంలోకి ఓసారి చూసి, దారాన్ని టేబుల్ మీద పెట్టేసింది. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. వెనక కొండ మీద మళ్ళీ మేకలు దిగాయి ఈ వారమే. వాటిని చూడకుండా ఉండాలంటే ఇంట్లోకి పోవాలి, ఇంట్లోకి పోతే ఆ దారం ఉంది.

శాన్ రామన్‌లో మా ఇళ్ళ వెనక అన్నీ కొండలే. మే నెల వచ్చేసరికి గడ్డంతా ఎండిపోయి అగ్గిపుల్ల కోసం కాచుక్కూచుంటుంది. అందుకని మా హెచ్‌ఓఏ వాళ్ళు, అంటే కాలనీ సంఘం వాళ్ళు, ఏటా ఏప్రిల్లో ఒక కంపెనీకి చెప్పి మేకల్ని తోలిస్తారు. అవి మేసినంత మేర నిప్పు భయం ఉండదు. నాలుగు వందల పైచిలుకు మేకలు, రెండు కుక్కలు, చుట్టూ కరెంటు పారే వల కంచె, చక్రాల మీద ఒక చిన్న ట్రైలర్, అందులో ఒక మనిషి. ఆరేళ్ళ కింద వచ్చిన మనిషి గురించి నేను చెప్పేది.

పెరూ కొండల్లోంచి వచ్చినవాడు. పొట్టి. ఎండ మండిపోతున్నా చెవుల దాకా లాగిన ఊలు టోపీ తీసేవాడు కాదు. దేన్నైనా చూపించాలంటే వేలు ఎత్తడు, పెదాలు ముందుకు చాచి అటు చూపిస్తాడు. జేబులో ఎప్పుడూ వేయించిన మొక్కజొన్న గింజలు. మీరు వద్దన్నా మీ అరచేతిలో నాలుగు పోసేవాడు. మేకలతో వాళ్ళ ఊరి కెచువా మాట్లాడేవాడు, కుక్కలతో స్పానిష్, మాతో ఇంగ్లీషు. ఆ వరసలో గౌరవం కొంచెం కొంచెం తగ్గుతున్నట్టు నాకనిపించేది. కాలనీ పిల్లలు గోట్ అంకుల్ అనేవాళ్ళు. పెద్దవాళ్ళం ఏమీ అనేవాళ్ళం కాదు, దూరం నుంచి చెయ్యి ఊపేవాళ్ళం.

నేను మొదటిసారి ఆగింది ఆయన లెక్కపెట్టడం చూసి. సాయంత్రం ఐదున్నర, వాకింగ్‌లో ఉన్నాను. వలలో సన్నటి సందు తీసి, కుక్క ఒక పక్కన, తన మోకాలు ఒక పక్కన పెట్టి, మేకల్ని ఒక మేత నుంచి ఇంకో మేతకి దాటిస్తున్నాడు. పెదవి కదలడం లేదు. నడుముకి ఒక లావాటి తాడు, ఆ తాడుకి కుచ్చుల్లాగా వేలాడే దారాలు, ఒక దారం మీద బొటనవేలు. చివరి మేక దాటింది. ముడులు వేశాడు. వేసి, ఎవరితోనో చెప్పినట్టు, "తోదోస్," అన్నాడు.

తోదోస్ అంటే అందరూ అని. ఆమాత్రం స్పానిష్ ఇక్కడ అందరికీ వస్తుంది. నాకు మాత్రం కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అనంతపురం పక్కన మా తాత గొర్రెల్ని దొడ్డిలోకి తోలి, తడిక మూసి, ఎవరూ అడక్కపోయినా పైకే చెప్పేవాడు, "అందరూ వచ్చినారు," అని. గొర్రెలు వచ్చినాయి అని ఆయన ఏనాడూ అనలేదు. ఆయన మొలతాడుకి కూడా నల్లటి ఉన్ని పోగొకటి ఉండేది, ఇరవై గొర్రెలకి ఒక ముడి.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. అమెరికా వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. నేను గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టానని ఈ దేశంలో నా భార్యకి తప్ప ఒక్కరికీ తెలీదు. ఎవరడిగినా "మాది అగ్రికల్చర్ ఫ్యామిలీ అండీ," అనేవాణ్ణి. హైస్కూల్లో నా పక్కన కూర్చోను, వాసనొస్తుంది అన్న పిల్లవాడొకడు ఉండేవాడు. వాడి భయం నాతోపాటు ఫ్లైట్ ఎక్కి వచ్చింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎన్ని మేకలని అడిగాను. అంకె చెప్పలేదు. దగ్గరికి రమ్మని, మేక వాసన కొట్టే అరచేత్తో నా కళ్ళు మూసి, ఒక దారం నా వేళ్ళలో పెట్టాడు. తడిమాను. పైన నాలుగు ముడులు, కొంత ఖాళీ, మధ్యలో ఒకటి, మళ్ళీ ఖాళీ, కింద రెండు. వందలు, పదులు, ఒకట్లు.

"నాలుగొందల పన్నెండు," అన్నాను, తెలుగులోనే. ఆయన తెలుగులోనే అర్థమైనట్టు తలూపాడు.

రోజుకి రెండు దారాలు, పొద్దుటిదొకటి, సాయంత్రానిదొకటి. పక్కనే ఎర్రది, కంచెలో కరెంటు చూసినప్పుడల్లా దానికొక ముడి. ఫోన్లో రాసుకోవచ్చు కదా అన్నాను, సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా మరి. నవ్వాడు. ఒక చెయ్యి మేక కొమ్ము మీద, ఇంకో చెయ్యి దారం మీద పెట్టి చూపించాడు. ఇంకేం అడగాలి? అయినా ఊరుకోలేదు. ఇంటికెళ్ళి నెట్‌లో నాలుగు ముక్కలు చదువుకొచ్చి, "ఇది ఇన్కా వాళ్ళది కదా?" అని నా పాండిత్యం ప్రదర్శించాను.

"ఇన్కా నో," అన్నాడు గింజలు నములుతూ. "అబ్వేలో."

మా తాతది అని. వాళ్ళ తాత నేర్పింది, అంతే.

ఆ రోజుల్లో నన్ను ఇన్‌హెన్యేరో అని పిలిచేవాడు. ఇంజినీర్ అని. టెక్ కంపెనీ బొమ్మ ఉన్న జాకెట్ వేసుకుని వచ్చేవాడు ఇంజినీర్ కాక ఇంకేమవుతాడు?

ఆ పిలుపు మారింది ఒక మంగళవారం. వర్క్ ఫ్రం హోమ్, లంచ్ టైములో అటు వెళ్ళాను. ఒక మేక ఈనలేక గిలగిల్లాడుతోంది. పిల్ల అడ్డం తిరిగింది. ఆయన చెయ్యి లావు, లోపలికి పోవడం లేదు. నేను చూస్తూ నిలబడాల్సినవాణ్ణి. నిలబడలేకపోయాను. జాకెట్ విప్పి, బాటిల్ నీళ్ళతో చెయ్యి కడుక్కుని, మోకాళ్ళ మీద కూర్చున్నాను. పదేళ్ళ వయసులో మా తాత నా సన్న చేతులు చూసే నేర్పాడు ఆ పని. ఇరవై ఎనిమిదేళ్ళు దాటాయి, అయినా వేళ్ళకి గుర్తుంది. కాలు దొరికింది, మెల్లగా వెనక్కి తోసి తిప్పాను. పిల్ల జారి గడ్డి మీద పడింది. తెల్లది, నుదుటి మీద గోధుమరంగు మచ్చ.

ఆయన టోపీ తీశాడు. ఆ టోపీ కింద జుట్టు తెల్లబడి ఉందని అప్పుడే చూశాను. "మా తాతకి గొర్రెలుండేవి," అన్నాను ఇంగ్లీషులో. పదమూడేళ్ళలో మొదటిసారి ఆ మాట నోటితో అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పస్తోర్," అన్నాడు. కాపరి.

ఆనాటి నుంచి నేను ఆయనకి పస్తోర్‌ని. కంచె బ్యాటరీ పెట్టె ఎక్కడుందో, దాని ఎర్ర మీట ఎటు నొక్కాలో చూపించాడు. తను లేనప్పుడు ఏదైనా అవసరమైతే అని. ఇంకెవరికీ చూపించలేదు. ఆ వారమే ఆయన నడుము తాడుకి ఒక తెల్ల దారం కొత్తగా వచ్చింది. ఇదేం లెక్క అన్నాను. పెదాలు చాచి నన్ను చూపించాడు. నేను వచ్చిన రోజు ఒక ముడి. అంతకుముందు వచ్చినవి కూడా గుర్తుపెట్టుకుని కలిపి వేశాడు.

ఇంటికి వస్తూ ఎంత పొంగిపోయానో! ఆ పొంగే నా కొంప ముంచింది. నా కొంప అంటున్నాను చూడండి, సిగ్గు లేకుండా. మునిగింది ఆయన కొంప.

మా అమ్మాయి ఆరో పుట్టినరోజు, ఆదివారం. ఇంటినిండా ఫ్రెండ్స్, పదిమంది పిల్లలు. గోట్స్ దగ్గరికి వెళ్దాం అని ఒకటే గోల. నాలుగింటికి అందర్నీ తీసుకుని కొండెక్కాను. ఆయన అక్కడ లేడు, నీళ్ళ ట్యాంకు తేవడానికి కొండ అవతలికి వెళ్ళాడు. ఆగి ఉండాల్సింది. కానీ నా కూతురు, "మా నాన్నకి గోట్ అంకుల్ ఫ్రెండ్," అని అప్పటికే అందరికీ చెప్పేసింది. మీట ఆపేశాను. వల కొంచెం వంచి, మచ్చ ఉన్న ఆ పిల్లని ఎత్తుకుని ఇవతలికి తెచ్చాను. తల్లిమేక అరుస్తూ వచ్చి వలకి మొహం ఆనించింది. షాక్ కొట్టలేదు. అది దానికి తెలిసిపోయింది. నేను చూశాను, చూసి కూడా ఫోటోలు తీస్తున్నాను.

మా ఆవిడ ఫోన్. "కేకు మెత్తబడిపోతోంది, ఎక్కడున్నారు? త్వరగా రండి." పిల్లని లోపల వదిలి, వల నిలబెట్టి, అందర్నీ దించుకొచ్చేశాను. సగం దూరం దిగాక కొండ అంచు మీద ఆయన బండి కనిపించింది. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

అప్పుడే మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఫెన్స్ ఆన్ చేశావా?"

చేశానో లేదో నాకు గుర్తు రాలేదు. మళ్ళీ పైకెక్కాలంటే బద్ధకం. కేకు, అతిథులు. "చేశాను, పద," అన్నాను.

ఆరింటికి నాలుగు మేకలు వల తోసుకుని రోడ్డు మీదికి దిగాయి. మూడింటిని ఆయన కుక్కతో తిప్పుకొచ్చాడు. తల్లిమేకని కారు కొట్టేసింది. కారు ఫుట్‌పాత్ ఎక్కింది, నడిపే ఆమెకి ఏమీ కాలేదు గానీ మా కాలనీ వాట్సాప్ గ్రూప్ మాత్రం అంటుకుంది. పిల్లలు నడిచే రోడ్డు, ఎవరిది బాధ్యత, ఆ మనిషి ఏం చేస్తున్నాడు?

మర్నాడు పొద్దున పదింటికి ట్రైలర్ దగ్గర మీటింగ్. మేకల కంపెనీ మేనేజర్ వచ్చాడు. మా హెచ్‌ఓఏ ప్రెసిడెంట్ రావు గారు, మన తెలుగాయనే, కమిటీలో ఉన్నాను కాబట్టి నన్నూ పిలుచుకెళ్ళారు. దారిలో నెమ్మదిగా అన్నారు, "లయబిలిటీ, ఇన్సూరెన్స్, ఇవన్నీ పెద్ద తలనొప్పులండీ. మనం ఎక్కువ మాట్లాడకూడదు. మీది ఐ-ఫోర్‌ఎయిటీఫైవ్ పెండింగ్ కదా?"

పెండింగే. గ్రీన్ కార్డు ఆఖరి మెట్టు. పోలీసు రిపోర్టు, కేసు, నా పేరు, ఆ మూడు మాటలే రాత్రంతా నా బుర్రలో తిరిగాయి. ఇక్కడ మనవాళ్ళకి ఆ భయం ఎలాంటిదో తెలుసు, స్పీడింగ్ టికెట్ వస్తేనే లాయర్‌కి ఫోన్ చేసే జాతి మనది. అది సాకు కాదు. ఆయన వీసా కూడా ఆ ఒక్క కంపెనీకే కట్టేసి ఉందని, కంపెనీ పొమ్మంటే దేశమే వదిలి పోవాలని నాకు తెలుసు. పదమూడేళ్ళు అలాంటి వీసా మీద బతికినవాణ్ణి నేను.

కంచె ఆపేసి ఉంది, ఎవరాపారు, నువ్వే మరిచిపోయావా అని మేనేజర్ అడుగుతున్నాడు. ఆయన నడుము తాడు విప్పి రెండు చేతుల్లో చాచి పట్టుకున్నాడు. ఎర్ర దారం చూపించాడు, ఆదివారం పొద్దున ఒక ముడి, మధ్యాహ్నం ఒక ముడి, రెండుసార్లూ కరెంటు ఉంది. పొద్దుటి దారం, కొత్త పిల్లతో కలిపి, నాలుగు, ఒకటి, మూడు. సాయంత్రానిది, నాలుగు, ఒకటి, రెండు. అన్నీ ఉన్నాయి. నేను చదవగలను. ఆ ముగ్గురిలో చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"దారాల్ని రిపోర్టులో పెట్టలేను," అన్నాడు మేనేజర్. నా వైపు తిరిగాడు. "మీరు ఇటు వస్తుంటారట కదా? ఇతను కంచె సరిగ్గా చూసుకుంటాడా?"

"నాకు అంతగా తెలీదు," అన్నాను. "వాకింగ్‌కి వచ్చినప్పుడు ఎప్పుడైనా చూస్తాను, అంతే."

ఆయనకి ఇంగ్లీషు తక్కువే. అది మాత్రం అర్థమైంది. నన్ను చూశాడు. ఆయన బొటనవేలు తెల్ల దారం మీదికి వెళ్ళింది, చివరి ముడి దగ్గర ఆగింది. అది ఆదివారం ముడి. కొండ అంచు నుంచి చెయ్యి ఊపి, వచ్చి వేసుకున్న ముడి. నోరు విప్పి ఒక్క మాట చెప్తే చాలు, పెదాలు చాచి నన్ను చూపిస్తే చాలు.

చూపించలేదు. తెల్ల దారాన్ని నడుము తాడు నుంచి విప్పాడు. తీరిగ్గా వేలికి చుట్ట చుట్టాడు. నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూశాడు.

"ఇన్‌హెన్యేరో," అన్నాడు.

అంతే. మేనేజర్ అదేదో గుర్తుగా ఇచ్చిన బహుమతి అనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను! ఆ నవ్వు తలుచుకుంటే ఈ రోజుకీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నన్ను కాపాడాడా, లేక తన లెక్కలోంచి తీసేశాడా? ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను. కాపాడి ఉంటే ఇంకా సిగ్గు.

అక్కడితో ఆగానా? మధ్యాహ్నం రావు గారు ఫోన్ చేశారు. "మీ ఇంగ్లీష్ బాగుంటుంది కదండీ, కమిటీ తరఫున ఒక మెయిల్ కొట్టేయండి." కొట్టాను. శుభ్రమైన ఇంగ్లీషులో, మూడు పేరాలు. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు. "కాపరి వద్ద మందకు గానీ కంచెకు గానీ రాతపూర్వకమైన రికార్డు ఏదీ లేదు." అందులో అబద్ధం లేదు, అదీ నా తెలివి.

వారం తిరక్కుండా ట్రైలర్‌లో ఇంకో మనిషి ఉన్నాడు. అతనికి టాబ్లెట్ ఇచ్చారు, మేకల చెవులకి చిప్పులు వేశారు. పాతాయన్ని పెరూ పంపేశారని చెప్పాడు. నాలుగు నెలలకి నా గ్రీన్ కార్డు వచ్చింది. నలభైమందిని పిలిచి భోజనాలు పెట్టాం. దారాన్ని పారెయ్యలేక, కళ్ళెదుట పెట్టుకోలేక, ఆ ఫైల్లో పడేశాను. ఉండాల్సిన చోటే ఉందనుకుంటాను.

పెరట్లోంచి లోపలికి వచ్చేసరికి మా అమ్మాయి ఇంకా టేబుల్ దగ్గరే ఉంది. దారం పెట్టినచోటే ఉంది. కూర్చున్నాను. అంతా చెప్పాను. మేకపిల్లని తిప్పడం, పస్తోర్, ఎర్ర మీట, మీటింగ్, మెయిల్. మా తాత గొర్రెల గురించి కూడా చెప్పాను, దానికి అదీ తెలీదు.

దారం చేతిలోకి తీసుకుని ముడులు ఒక్కొక్కటీ తడిమింది. తర్వాత అంది, "ఆ రోజు నేను అడిగాను నాన్నా. ఫెన్స్ ఆన్ చేశావా అని. నువ్వు యెస్ చెప్పావు."

"నీకు గుర్తుందా?"

"గుర్తుంది. గోట్ అంకుల్ వల్లే మామ్ గోట్ చచ్చిపోయింది అని స్కూల్లో అందరూ అన్నారు. నేనూ అన్నాను."

నా మాట నమ్మి, ఆరేళ్ళ పిల్ల ఆ మనిషి మీద నింద వేసింది. ఇది నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు.

ఊలు ఉండలన్నీ పక్కకి నెట్టేసింది. "నేను ఇదే తీసుకెళ్తాను. ఓపెన్ హౌస్‌లో పెడతారు. రావు అంకుల్ వాళ్ళు కూడా వస్తారు. ఓకేనా?"

వద్దు అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. అలవాటైన నాలిక కదా. బలవంతంగా మింగి, "పెట్టు," అన్నాను.

ప్రాజెక్టుతోపాటు ఒక కార్డు రాయాలి, రెండు వరుసలు. ఇది దేని లెక్క అన్నది మొదటి వరుస. రాసి నాకు చదివి వినిపించింది: మా నాన్న ఒక కాపరి దగ్గరికి పదిహేడుసార్లు వెళ్ళాడు, పదిహేడోసారి కంచె ఆపేసి వచ్చి, ఎవరికీ చెప్పలేదు. ఏమైనా మార్చాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను.

రెండో వరుస, దీన్ని కట్టింది ఎవరు అన్నది.

"గోట్ అంకుల్ నేమ్ ఏంటి నాన్నా?"

మేనేజర్ ఆ రోజు ఏదో పేరు పెట్టి పిలిచాడు. నేను వినిపించుకోలేదు. మెయిల్‌లో కాపరి అని రాశాను. దగ్గర కూర్చుని గింజలు తిన్నప్పుడు అమిగో, నేస్తం, అన్నాను. పదిహేడుసార్లు వెళ్ళాను, ఒక్కసారి కూడా అడగలేదు.

"నాన్నా, నేమ్?"

మా అమ్మాయి పెన్ను కార్డు మీద ఆనించి, నా వైపు చూస్తోంది.